నాలుగు ఫ్రేముల తేడా

2019 దసరాకి ఊరికి పోతూ నా కంప్యూటర్లోంచి గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి, తువ్వాల చుట్టి, బ్యాగులో పెట్టుకున్నాను. అక్టోబర్ 5 నుంచి ఆర్టీసీ సమ్మె అన్నారు కాబట్టి 4వ తేదీ సాయంత్రమే జూబ్లీ బస్టాండుకి పరిగెత్తాను. బస్సులో నిలబడడానికి కూడా చోటు లేదు. గంభీరావుపేటలో దిగేదాకా ఆ బ్యాగుని చంటిపిల్లలా ఎత్తుకునే ఉన్నాను. ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ ఆ తువ్వాల మూట చూసి స్వీటు డబ్బా అనుకుంది. విప్పి చూసి, "గిదేందిరా, సగం కోసిన టేప్‌రికార్డర్ లెక్కున్నది" అంది.

తమ్ముడికి మాత్రం వెంటనే అర్థమైంది. "తెచ్చినవా? అయితే తేల్చుకుందాం పా" అన్నాడు.

తేల్చుకోవాల్సింది ఇదీ. నా దగ్గరున్నది ఎన్విడియా వాళ్ల జీటీఎక్స్ 1060, ఆరు జీబీది. వాడి దగ్గరున్నది ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 480, ఎనిమిది జీబీది. రెండూ ఇంచుమించు ఒకే ధరకు, ఒకే రకం మనుషుల కోసం, మూడు వారాల తేడాతో పుట్టిన కార్డులు. 480 వచ్చింది 2016 జూన్ 29న. 1060 వచ్చింది జులై 19న. ఆటల్లో ఏది మంచిది అన్నదాని మీద మేమిద్దరం మూడేళ్లు ఫోన్లో కొట్టుకున్నాం. ఇంట్లో పెళ్లి సంబంధాల గురించి కూడా అంత వివరంగా మాట్లాడుకోలేదు.

గేములు ఆడని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. తెర మీద కదిలే ఆట అంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బొమ్మలే. ఆ బొమ్మల్ని గీసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు ఎన్ని గీస్తే అన్ని ఫ్రేములు. అరవై గీస్తే కంటికి హాయిగా ఉంటుంది. ముప్ఫైకి పడితే బురదలో నడిచినట్టు ఉంటుంది. కార్డుల్ని పోల్చేవాళ్లు ఒకే ఆటని రెండిటి మీదా ఆడించి, సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు వచ్చాయో పట్టిక వేస్తారు. ఎవరి గీత పొడుగైతే వాళ్లు గెలిచినట్టు.

కాగితం మీద చూస్తే తమ్ముడి కార్డే గెలవాలి. దాని చిప్‌లో 570 కోట్ల ట్రాన్సిస్టర్లు, నా దాంట్లో 440 కోట్లు. దానికి లెక్కలు చేసే చిన్న యూనిట్లు 2304, నా దానికి 1280. ఒక కంపెనీ యూనిట్లను ఇంకో కంపెనీ యూనిట్లతో పోల్చడం గజాల్ని మూరలతో పోల్చడం లాంటిదే అనుకోండి, అయినా మెమరీకి దారి కూడా దానిదే వెడల్పు. అది 256 బిట్లు, నాది 192. కరెంటు కూడా అదే ఎక్కువ తాగుతుంది. దానికి 150 వాట్లు, నా దానికి 120. కానీ 2016లో వచ్చిన సమీక్షల్లో ఎక్కువ ఆటల్లో గెలిచింది నా 1060. ఈ ముడి దగ్గరే మా గొడవంతా.

వాడు 480 వైపు నిలబడడానికి సాంకేతిక కారణాల కంటే ముందు ఒక సెంటిమెంటు ఉంది. ఆ కార్డు వచ్చినప్పుడు ఏఎండీలో గ్రాఫిక్స్ విభాగం మొత్తం రాజా కోడూరి చేతి కింద ఉండేది. కొవ్వూరులో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన మనిషి. పైగా రాజమౌళికి బంధువు. "మనోడు చేసిన కార్డన్నా" అనేవాడు తమ్ముడు. "కొవ్వూరు ఆంధ్ర గదరా, మనోడెట్లయితడు" అని నేను. "కార్డుకు లోకల్, నాన్ లోకల్ ఏందన్నా? ముల్కీ రూల్స్ గిట్ల పెడుతున్నవా?" అని వాడు. మేం కొట్టుకుంటుండగానే 2017 నవంబర్లో కోడూరి ఏఎండీ వదిలి ఇంటెల్‌కి వెళ్లిపోయాడు. తమ్ముడు ఆ వారం నా ఫోనెత్తలేదు.

నేను 1060 కొన్నది 2016లోనే, సికింద్రాబాద్ సీటీసీలో. చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద రెండు శనివారాలు ఎక్కీ దిగీ, పాతిక వేల పైన పెట్టి కొన్నాను. ఉద్యోగంలో చేరాక నా కోసం నేను కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు అదే. ఇంట్లో ధర సగానికి తగ్గించి చెప్పాను. తమ్ముడికి మాత్రం అసలు ధర తెలుసు. వాడు ఎవరికీ చెప్పలేదు.

వాడి కార్డు కథ వేరు. 2017లో ఈథీరియం తవ్వకం పిచ్చి పట్టి, లోకంలో ఉన్న ఆర్‌ఎక్స్ కార్డులన్నీ తవ్వేవాళ్లు ఎత్తుకుపోయారు. దుకాణాల్లో దొరికేవి కావు, దొరికినా ధర మండేది. 2018లో ఆ నాణెం ధర కూలిపోయాక అవే కార్డులు సెకండ్ హ్యాండులో కుప్పలుగా దిగాయి. నెలల తరబడి రాత్రీ పగలూ ఆగకుండా పనిచేసి అలిసిపోయిన కార్డులు. అలాంటిదే ఒకటి తమ్ముడు తొమ్మిది వేలకు కొన్నాడు. ఊళ్లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసి, ఫ్లెక్సీలు డిజైన్ చేసి కూడబెట్టిన డబ్బులు. తెచ్చి, విప్పి, పెయింట్ బ్రష్‌తో దుమ్మంతా దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు గీకి కొత్తది రాసి, ఫ్యాన్‌కి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాడు. పాత ఆఫీసు కంప్యూటర్ ఒకటి సంపాదించి దాంట్లో బిగించాడు. ఇంటెల్ మూడో తరం ఐ5, ఎనిమిది జీబీ ర్యామ్ ఒకే కడ్డీ, ఒక టీబీ హార్డ్‌డిస్కు. పవర్ సప్లై మాత్రం కొత్తది.

"నీది గరం కార్డురా. స్లాటు ఇచ్చే డెబ్బై అయిదు వాట్ల హద్దు దాటి లాగుతుందని మొదట్లోనే లొల్లి అయింది గదా" అని నేను ఏడిపించేవాణ్ని. అది నిజమే. 2016 జులైలో ఏఎండీ కొత్త డ్రైవరు ఇచ్చి దాన్ని సర్దాల్సి వచ్చింది. "ఆకలైనోడు తింటడు" అనేవాడు వాడు. ఏఎండీ కార్డులు కాలం గడిచేకొద్దీ, డ్రైవర్లు మెరుగయ్యేకొద్దీ బాగుపడతాయని గేమర్లలో ఒక నానుడి ఉంది. దాన్ని ఫైన్ వైన్ అంటారు. తమ్ముడు దాన్ని మా ఊరి భాషలోకి దించాడు. "నీది కల్లన్నా. పొద్దుగాల మస్తుంటది. నాది వైను. ఆగి సూడు."

అక్టోబర్ 6 సద్దుల బతుకమ్మ. 8న దసరా. మధ్యలో 7వ తేదీ, సోమవారం, పరీక్ష పెట్టుకున్నాం. వాడి మెషిన్‌లోనే ముందు వాడి కార్డు, తర్వాత నా కార్డు. అదే తెర, అదే ర్యామ్, అదే గది, అవే సెట్టింగులు. ఆటలు నేనే ఎంచాను. జీటీఏ ఫైవ్, విచర్ త్రీ, ఇంకో రెండు. ఒక్కో ఆటలో ఒకే దారిలో మూడుసార్లు పరిగెత్తించి, సగటు తీసి, నోటుబుక్కులో రాశాను. బాపు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. మామూలు రోజైతే పొద్దున బస్సుకే సిరిసిల్ల పోయేవాడు, అక్కడ సాంచాల మీద పని. ఆ ఏటి బతుకమ్మ చీరల ఆర్డరు అప్పటికే అయిపోయింది, బస్సులూ సరిగ్గా లేవు. అందుకే ఇంట్లో ఉన్నాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. నాలుగు ఆటల్లోనూ నాదే పైన. ఒక దాంట్లో నాలుగు ఫ్రేములు, ఇంకో దాంట్లో పది దాకా. నోటుబుక్కు తిప్పి తమ్ముడికి చూపించాను. వాడు అంకెలు చూడలేదు. పేజీ పైన నేను రాసిన ఆటల పేర్లు చూశాడు.

"నాలుగూ డైరెక్ట్‌ఎక్స్ లెవనే గదన్నా" అన్నాడు.

ఇక్కడ కొంచెం లోపలికి పోవాలి. ఆట నేరుగా కార్డుతో మాట్లాడదు. మధ్యలో డ్రైవరు ఉంటుంది. డైరెక్ట్‌ఎక్స్ 11 పద్ధతిలో ఏ బొమ్మ ఎలా గీయాలన్న ఆదేశాల్ని సిద్ధం చేసే చాకిరీ ఆ డ్రైవరుది, అది జరిగేది ప్రాసెసర్ మీద. ఎన్విడియా డ్రైవరు ఆ పనిని ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లకూ పంచేది. ఏఎండీది చాలా వరకు ఒక్క కోరు మీదే మోపేది. కాబట్టి ప్రాసెసర్ పాతదైతే ఏఎండీ కార్డు చేతులు కట్టుకుని ఆదేశాల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దమ్ము లేక కాదు, పని అందక. వల్కన్, డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక ఆ చాకిరీలో చాలా భాగం ఆటే చేసుకుంటుంది. అప్పుడు ఆ 2304 యూనిట్లకీ చేతినిండా పని దొరుకుతుంది. 2016 జులైలో డూమ్‌కి వల్కన్ ప్యాచ్ వచ్చినప్పుడు ఆర్‌ఎక్స్ 480 ఒక్కసారిగా ముందుకు దూకింది అందుకే.

ఇదంతా నాకు తెలుసు. ఆటలు ఎంచేటప్పుడు కూడా తెలుసు. అయినా చాలా సహజంగా, "మెషిన్ ఒకటే గదరా, సెట్టింగ్సు ఒకటే, ఇంకేం కావాలె" అన్నాను.

అన్నాక నా గొంతు నాకే ఎక్కడో విన్నట్టు అనిపించింది.

2009లో నేను ఎంసెట్ రాశాను. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. అమ్మ మెడలోది తాకట్టు పెట్టి కట్టిన ఫీజు అది. ర్యాంకు వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది, ఇంజినీరింగ్ అయిపోయింది. నాలుగేళ్లకి తమ్ముడు రాశాడు. వాడు బస్సు మీద పోయి వచ్చి చదివాడు. ఇంటర్ రెండో ఏడు బాపుకి టైఫాయిడ్ తిరగబెడితే, రెండు నెలలు బాపు బదులు రాత్రి షిఫ్టుకి వాడే పోయాడు. వాడికి ర్యాంకు రాలేదు. చుట్టాలందరూ "ఒక్క కడుపున పుట్టిండ్రు, ఒక్క తీరు తిన్నరు, పెద్దోడు చూడు, చిన్నోడు చూడు" అన్నారు. ఫలితాలొచ్చిన రోజు రాత్రి ఫోన్లో నేను కూడా ఒక మాట అన్నాను. "పేపరు అందరికీ ఒకటే గదరా" అని. వాడు "ఔనన్నా" అన్నాడు. అంతే. దాని గురించి మేం మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ రోజు కూడా వాడు గట్టిగా ఏం అనలేదు. కీబోర్డు తన వైపు లాక్కుని డ్రైవరు వెర్షను తెరిచి చూశాడు. నా కార్డు పెట్టినప్పుడు నేను సరికొత్త డ్రైవరు దించాను. వాడి కార్డుని మాత్రం ఉన్న డ్రైవరుతోనే ఆడించాను. అది నెలల కిందటిది.

"మర్చిపోయిన" అన్నాను.

మర్చిపోలేదు. గుర్తొచ్చింది. పెద్ద తేడా ఏం పడుతుందిలే అనుకున్నాను.

"నీకు రాని ఆట ఒక్కటన్న పెట్టాలె గదన్నా" అన్నాడు వాడు. కోపంగా కాదు. పెట్టి ఉంటే బాగుండేది అన్నట్టు.

బాపు అప్పటిదాకా మాట్లాడలేదు. మంచం మీంచే, "గా మూలకు నంబరు కదులుతాంది, అదేంది?" అని అడిగాడు. సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తుందో ఆ లెక్క అని చెప్పాను.

"నిమిషానికి ఎన్ని పిక్కులని సూత్తం, గట్లనా?"

గట్లనే అన్నాను. బట్ట నేసేటప్పుడు అడ్డంగా పడే ఒక్కో పోగూ ఒక పిక్కు. సాంచా వేగాన్ని నిమిషానికి ఎన్ని పిక్కులని చెప్తారు. సిరిసిల్లలో కూలి కూడా పిక్కుల లెక్కనే, పైసల్లో కడతారు. నా మూడేళ్ల శాస్త్రాన్ని బాపు ఒక్క ప్రశ్నతో పట్టేసినందుకు కొంచెం గర్వంగానే అనిపించింది.

"మరి గది ఆగుతాంది గదా, ఆగింది రాసినవా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. బాపు తెర వైపు చూపించాడు. కారు టౌను వైపు మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి మళ్లీ కదులుతోంది. పొద్దుటి నుంచి నేనూ చూస్తూనే ఉన్నాను. కంటికి అలవాటైపోయింది. సగటులో కలిసిపోతుంది కదా అని వదిలేశాను.

"సాంచా కొనేటోడు గిట్లనే స్పీడెంత అని అడుగుతడు. స్పీడు ఎవనికి గావాలె? షిఫ్టుకు ఎన్నిసార్లు ఆగుతదో అడుగాలె. పోగు తెగిందనుకో, ఆగింది ఒక్క సాంచానే, కానీ నువ్వు మిగిలిన ఏడు ఇడిసిపెట్టి దాని కాడికి పోవాలె. ముడెయ్యాలె. ఈలోపల ఇంకోటి తెగుతది." అమ్మని పిలిచి, కిందటి రోజు కట్టుకున్న బతుకమ్మ చీర తెమ్మన్నాడు. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి, వేలితో ఒకచోట చూపించాడు. సన్నని పట్టె. తలకాయ వంచి చూస్తే తప్ప కనపడదు. "గీడ ఆగింది. మల్ల సురువు చేసిండ్రు. సాంచా ఆగిన జాగ బట్టల ఉండిపోతది. ఎంత స్పీడుల నేసినా పోదు."

నేను చదువుకున్న వాణ్ని కాబట్టి, బాపు చెప్పింది కొత్త విషయం కాదని నాకు గుర్తుకొచ్చింది. 2011లో టెక్ రిపోర్ట్ అనే సైట్లో స్కాట్ వాసన్ ఈ మాటే రాశాడు. సెకనుకు అరవై ఫ్రేములు అంటే ఒక్కోటి దాదాపు పదిహేడు మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున రావాలి. కానీ యాభై తొమ్మిది ఫ్రేములు అర సెకనులో గబగబా వచ్చేసి, చివరిది ఒక్కటే మిగతా అర సెకను తీసుకున్నా సగటు అరవైయే. పట్టికలో గీత అంతే పొడుగు. ఆడేవాడికి మాత్రం ఆట ఆగిపోయినట్టు. కాబట్టి సెకనుని ఒక ముద్దలా కాకుండా విప్పి లోపల చూడాలి, ఒక్కో ఫ్రేము ఎంతసేపు పట్టిందో కొలవాలి అన్నాడు. ఆ తర్వాత కార్డుల్ని పోల్చే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు ఏ సమీక్షలో చూసినా సగటు పక్కన, అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క కూడా ఉంటుంది. ఆ వాసన్‌ని కూడా చివరికి ఏఎండీ రేడియన్ విభాగమే పిలిచి ఉద్యోగం ఇచ్చింది. అంటే కోడూరి టీములోకే. ఈ సంగతి తమ్ముడికి చెప్తే వాడి మొహం వెలిగింది.

నేను ఆ వ్యాసం చదివాను, మెచ్చుకున్నాను, పదిమందికి పంపించాను కూడా. తీరా నా తమ్ముడి కార్డుతో నా కార్డుని పోల్చే రోజు వచ్చేసరికి సగటే రాసుకున్నాను. సగటులో నేను గెలుస్తున్నాను కాబట్టి.

సాయంత్రం మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి రెండిటికీ కొత్త డ్రైవర్లు. నాలుగు ఆటల్లో రెండు తీసేసి, వాడు అడిగిన రెండు పెట్టాం. అందులో ఒకటి డూమ్, వల్కన్ మీద. ఫ్రేము ఫ్రేముకీ ఎన్ని మిల్లీసెకన్లో గీత గీసి చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టాం. డూమ్‌లో వాడి కార్డు నా దాన్ని దాటి వెళ్లిపోయింది. ఇంకో దాంట్లో సమానం. మొత్తం కూడి చూస్తే నాలుగు ఫ్రేములు, అటో ఇటో. ఒకే పరీక్షని మళ్లీ నడిపితే అంత తేడా దానికదే వస్తుంది. మూడేళ్ల గొడవకి వచ్చిన అసలు జవాబు ఇది.

కానీ గీతల్లో ఇంకో విషయం కనపడింది. జీటీఏలో రెండు కార్డులూ ఒకే చోట ఆగుతున్నాయి. అదే మలుపు, అదే వంతెన. గీతలో సూది మొనల్లా లేచిన చోట్లన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉన్నాయి. అంటే తప్పు 1060ది కాదు, 480ది కాదు. కారు ముందుకు పోయేకొద్దీ ఆట కొత్త వీధుల్ని డిస్కు నుంచి లాగాలి. వాడి హార్డ్‌డిస్కు పాతది, గిర్రున తిరిగి వెతికి తెచ్చేసరికి ఆలస్యం. ర్యామ్ చూస్తే ఒకే కడ్డీ, దానికీ దారి ఇరుకు. వెనకాల నుంచి సరుకు అందకపోతే ముందున్న కార్డు ఎంత గొప్పదైనా చేసేదేం లేదు. మేం మూడేళ్లు కార్డుల గురించి కొట్టుకున్నాం. ఆగింది కార్డుల్లో కాదు.

"కండె అందకుంటే సాంచా ఏం జేత్తది" అన్నాడు బాపు. అని బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు.

నేను ఇలాంటి పత్రికల్లో అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. ఆ దసరా తర్వాత నా పాత సమీక్షలు తీసి చదువుకుంటే కొంచెం సిగ్గేసింది. రెండు నవలల్ని పక్కపక్కన పెట్టి ఒకటి మేలు అని తేల్చిన ప్రతిచోటా ఆటలు ఎంచింది నేనే. వేగం బాగుండే నవలని వేగం మీద కొలిచాను. నెమ్మదిగా నడిచే నవలనీ వేగం మీదే కొలిచాను, రెండింటికీ ఒకే కొలత పెట్టాను కాబట్టి న్యాయమే అనుకున్నాను. మనకి ఇది పాత అలవాటే. కృష్ణశాస్త్రిని శ్రీశ్రీ ఆటలో ఆడించి ఓడించడం, మళ్లీ శ్రీశ్రీని కృష్ణశాస్త్రి ఆటలో ఆడించి ఓడించడం. ఎవరు ఓడారన్నది ఆట ఎంచినప్పుడే తేలిపోయి ఉంటుంది. తర్వాతది పట్టిక వేయడమే. అంటే పోల్చడమే తప్పని కాదు. పోల్చకుండా ఏదీ అర్థం కాదు. మనకి నచ్చని జవాబు ఇచ్చే ఆట ఒక్కటైనా పెట్టామా అన్నదొకటి, ఎక్కడ ఆగుతుందో రాసుకున్నామా అన్నదొకటి. ఇప్పుడు సమీక్ష రాసేటప్పుడు ఈ రెండూ అడుక్కుంటాను. ప్రతిసారీ జవాబు బాగుంటుందని చెప్పలేను.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు తమ్ముడికి ఎంసెట్ సంగతి ఎత్తాలని చూశాను. "అప్పుడు నేనొక మాటన్న, యాదికుందా?" అన్నాను. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను. తర్వాత, "గా ఎస్‌ఎస్‌డీ ఎంతుంటదన్నా?" అన్నాడు.

సమ్మెలో తాత్కాలిక డ్రైవర్ నడిపిన బస్సు పట్టుకుని హైదరాబాద్ చేరాను. ఆ వారమే సీటీసీకి పోయి ఒక 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ కొని కొరియర్ చేశాను. రెండూ కలిపి నా కార్డు ఖరీదులో నాలుగో వంతు కూడా కాలేదు. పెట్టిన రోజు రాత్రి వాడు వీడియో కాల్ చేసి, మాట్లాడకుండా తెర చూపించాడు. కారు వంతెన దాటింది. మలుపు తిరిగింది. ఆగలేదు. వెనకాల నుంచి బాపు గొంతు వినపడింది. "గిప్పుడు రాసుకొమ్మను."

నా 1060 ఏళ్ల తరబడి స్టీమ్ సర్వేలో లోకంలో ఎక్కువ మంది వాడే కార్డుగా మొదటి స్థానంలో ఉండేది. 480ది అంత పేరు కాదు. 2022లో నేను కొత్త కార్డు కొన్నాక 1060ని కూడా ఊరికే పంపించాను. తమ్ముడు అప్పటికి సొంత స్టూడియో పెట్టాడు. రెండు మెషిన్లలో రెండు కార్డులు పెట్టుకున్నాడు. 2023లో ఏఎండీ ఆ తరం కార్డుల డ్రైవర్లను పక్కన పెట్టి, ముఖ్యమైన అప్‌డేట్లకే పరిమితం చేసింది. 2025లో ఎన్విడియా కూడా 1060 తరానికి కొత్త ఆటల డ్రైవర్లు ఇక రావని చెప్పేసింది. కల్లూ అయిపోయింది, వైనూ అయిపోయింది. కార్డులు మాత్రం నడుస్తున్నాయి. పెళ్లిళ్ల సీజన్లో రెండిటికీ నిద్ర ఉండదని తమ్ముడు అంటాడు.

మొన్న మా ఆఫీసులో ఒక కుర్రాడు ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో ఎనిమిది జీబీది తీసుకోవాలా, పదహారు జీబీది తీసుకోవాలా అని అడిగాడు. పేరు ఒకటే, చిప్ ఒకటే, మెమరీ ఒక్కటే తేడా. చాలా ఆటల్లో సగటు రెండిటికీ దగ్గర దగ్గరే ఉంటుంది. మెమరీ నిండిపోయే ఆట వచ్చినప్పుడే ఎనిమిది జీబీది తడబడుతుంది. అతను ఫోన్లో సగటు పట్టిక తెరిచి నా ముందు పెట్టాడు, గీతలు రెండూ ఇంచుమించు సమానం. ఐదేళ్ల కిందటైతే వెంటనే ఒక పేరు చెప్పేసి ఉండేవాణ్ని.

"ఏ ఆటలాడతావు? మెషిన్లో ఇంకా ఏమేం ఉన్నాయి?" అని అడిగాను. అతను చెప్పడం మొదలుపెట్టాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.